ఐదో తరగతి దాటని రవి

కొత్త రికార్డులకు ఒక వాసన ఉంటుంది. ఇంకా సరిగ్గా ఆరని జిగురు, అట్ట మీది ప్లాస్టిక్ కవరు, లోపల స్కెచ్ పెన్నులతో గీసిన రంగు అంచులు, అన్నీ కలిసిన వాసన. ఈ రోజు పొద్దున ఎల్బీనగర్‌లోని మా కాలేజీలో అటెండరు నా బల్ల మీద పెట్టి వెళ్లిన ఎం.ఎడ్. విద్యార్థుల రికార్డుల కట్ట విప్పగానే ఆ వాసన గుప్పున కొట్టింది. మొదటి రికార్డు తెరిచాను. 'విద్యార్థి పేరు: రవి. తరగతి: ఐదు. ఇచ్చిన లెక్క: మూడు బై నాలుగుకు ఒకటి బై రెండు కలపండి. విద్యార్థి సమాధానం: నాలుగు బై ఆరు.' రెండోది తెరిచాను. రవి, ఐదో తరగతి, నాలుగు బై ఆరు. ఏడో రికార్డు దాకా ఓపిక పట్టాను. ఏడింటిలోనూ అదే రవి, అదే తప్పు. ఎనిమిదోది తెరవకుండానే ఒళ్లు మండిపోయింది. ఈ రవి నాకు కొత్తవాడు కాదు. కొన్నేళ్ల కిందట నేను ఎం.ఎడ్. చదివినప్పుడు నా రికార్డులోనూ వీడే ఉన్నాడు. అప్పుడూ ఐదో తరగతే. లవాలను లవాలతో, హారాలను హారాలతో కలుపుకుంటూ ఇన్నేళ్లుగా అక్కడే కూర్చున్నాడు, వాడిని ఆరో తరగతికి పంపే నాథుడు లేడు. ఎందుకంటే అలాంటి పిల్లవాడే లేడు. వాడు దిల్‌సుఖ్‌నగర్ సందులో ఒక రికార్డుల షాపులో పుట్టాడు.

సాయంత్రంలోగా అన్నిటి మీదా నా సంతకాలు కావాలని కరస్పాండెంట్ సారు కబురు పంపారు. సంతకం అంటే ఏముంది, ముప్పై ఆరు సార్లు చెయ్యి కదిలించడమే కదా అని అటెండరు కూడా అన్నాడు. ఆ చెయ్యి కదిలించనన్నందుకు ఇక్కడికి కిలోమీటరు దూరంలో ఇలాంటి కాలేజీలోనే ఒక మనిషి ఉద్యోగం పోగొట్టుకుంది. ఆమె పేరు వసుంధర మేడం. ఆమెను మీరెవరూ చూడలేదు. ఆమె గురించి ఎక్కడా ఎవరూ రాయలేదు. రాయాల్సినవాళ్లలో మొదటిదాన్ని నేనే, ఎందుకో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

నేను ఎం.ఎడ్. చదివినప్పుడు ఆమె మాకు చెప్పిన పేపరు పేరు 'గణిత, విజ్ఞానశాస్త్ర పాఠ్యప్రణాళికల చరిత్ర, నిర్మాణం'. పేరుకు ఉన్న పొడుగు టైంటేబుల్లో దానికి దొరకలేదు. శనివారం భోజనాల తర్వాత, అందరికీ కునుకు వచ్చే గంటలో వేశారు. మాలో చాలామందిమి ప్రైవేటు స్కూళ్లలో పని చేస్తూ చదివేవాళ్లం. నేను కొత్తపేటలో ఒక స్కూల్లో నాలుగు, ఐదు తరగతులకు లెక్కలు చెప్పేదాన్ని. వారమంతా గొంతు చించుకుని వచ్చినవాళ్లకు శనివారం మధ్యాహ్నం చరిత్ర ఎవడికి కావాలి? హాజరు ఎలాగూ పడుతుంది, కాలేజీ ఆ విషయంలో దయగలది. ఎం.ఎడ్. పూర్తి చేస్తే హైస్కూలు సెక్షన్ ఇస్తామని, లేకపోతే వచ్చే ఏడు నా స్థానంలో డిగ్రీ ఉన్న మరొకరిని చూసుకుంటామని మా స్కూలు వాళ్లు నాకు ముందే చెప్పారు. నాకు కావాల్సింది ఆ కాగితం, అది త్వరగా రావడం. అంతకు మించి ఆ రెండేళ్లలో నేనేమీ ఆశించలేదు.

వసుంధర మేడం గుంటూరు వైపు మనిషి. భర్త ఉద్యోగంతో ఎప్పుడో దిల్‌సుఖ్‌నగర్ వచ్చి స్థిరపడ్డారు. ప్రభుత్వ బడిలో సైన్సు చెప్పి రిటైరై, మా కాలేజీకి వారానికి ఒకసారి వచ్చేవారు. నేత చీర, చేతిలో బరువుకు చేతులు సాగిపోయిన గుడ్డ సంచి. ఆ సంచి నిండా పాత పాఠ్యపుస్తకాలు. పాత పుస్తకాల బండ్ల దగ్గర, చిత్తు కాగితాలవాళ్ల దగ్గర ఏళ్ల తరబడి ఏరుకున్నవి. అట్టలు చిరిగినవి, మొదటి పేజీలో ఎవరెవరో పిల్లల పేర్లున్నవి. మొదటి రోజే వాటిని మా ముందు కుమ్మరించి, ఒకే పాఠం ఒక్కో పుస్తకంలో ఎలా మారుతూ వచ్చిందో వెతకమన్నారు. మా బెంచీకి కొలతల పాఠం వచ్చింది. అన్నిటికన్నా పాతదాంట్లో గిద్ద, సోల, తవ్వ, మానిక ఉన్నాయి. తర్వాతిదాంట్లో వాటిని లీటర్లలోకి మార్చే పట్టిక ఉంది. ఆ తర్వాత పట్టిక కూడా పోయింది. కొత్తదాంట్లో పాల ప్యాకెట్ బొమ్మ ఒకటి మిగిలింది. మీ ఇంట్లో బియ్యం దేనితో కొలుస్తారని మేడం వరసగా అందరినీ అడిగారు. నా వంతు వచ్చేసరికి నేను చెప్పాను, "మా ఇంట్ల సోలెతోని కొలుస్తరు మేడం." వెనక ఎవరో నవ్వారు. మేడం నవ్వలేదు.

"పుస్తకంలోంచి ఎప్పుడో తీసేశారు, వీళ్ల వంటింట్లో ఇంకా ఉంది," అన్నారు ఆమె క్లాసు వైపు తిరిగి. "ఈ రెండింటి మధ్యా రోజూ నడిచేది పిల్ల. ఆ పిల్లని ఎవరైనా అడిగారా?"

ఏ పాఠమూ దానంతటదే పుస్తకంలోకి రాదని ఆమె పదే పదే చెప్పేవారు. ఎవరో కొందరు ఒక గదిలో కూర్చుని పెడతారు, ఇంకెవరో ఇంకో గదిలో కూర్చుని తీస్తారు. పెట్టినప్పుడు ఏ పిల్లల్ని మనసులో పెట్టుకున్నారు, తీసినప్పుడు ఏ పిల్లల్ని మరిచిపోయారు, అదే ఈ పేపరు అనేవారు. పిల్లల తప్పు కూడా అలాంటిదేనట. దానికీ పుట్టుక ఉంటుంది, వచ్చిన దారి ఉంటుంది. అందుకే మా రికార్డు పని కూడా ఆమె అలాగే పెట్టారు. ఒక పిల్లతోనో పిల్లవాడితోనో కొన్ని వారాలు కూర్చోవాలి. వాళ్లు చేసిన ఒక తప్పు పట్టుకోవాలి. అది ఇంటి నుంచి వచ్చిందా, బజారు నుంచి వచ్చిందా, పాత పుస్తకం నుంచి వచ్చిందా, మన నోటి నుంచే వచ్చిందా అని వెనక్కి వెతుక్కుంటూ పోయి రాయాలి. వినడానికి బాగుంది, నాకూ బాగుందనిపించింది. బాగుందనిపించిన పనిని చెయ్యకుండా ఎగ్గొట్టడంలో నాకంటూ ఒక నేర్పు ఉండేది అప్పట్లో.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల వెనక సందులో రికార్డుల షాపులు ఉంటాయి. బయట జిరాక్స్ మిషను, లోపల బెంచీ మీద వరసగా కూర్చుని రాసే ఆడపిల్లలు. బి.ఎడ్. వాళ్లకు, ఎం.ఎడ్. వాళ్లకు ఏది కావాలంటే అది, మన చేతిరాతకు దగ్గరగా రాసిస్తారు. రేపు మేము పిల్లలకు కాపీ కొట్టొద్దని చెప్పబోయే టీచర్లం, మా రికార్డులు అక్కడ కొనుక్కునేవాళ్లం. ఇందులో సిగ్గు పడేవాళ్లను నేను చూడలేదు. సీటు రాగానే ఆ షాపు అడ్రసు సీనియర్లే ఇస్తారు. షాపతను నన్ను అడిగినవి రెండే ప్రశ్నలు, లెక్కలా సైన్సా, అట్ట ఏ రంగు కావాలె అని. పిల్ల గురించి ఏమీ అడగలేదు. నేను నీలం రంగు అన్నాను. నాలుగు రోజుల్లో రవి నా చేతికి వచ్చాడు.

మామూలుగా రికార్డు ఎవరూ చదవరు. మొదటి పేజీలో పేరు, చివరి పేజీలో సంతకం, మధ్యలో ఉన్నదంతా బరువు కోసం. వసుంధర మేడం చదివారు. పెన్సిలు పట్టుకుని, ప్రతి పేజీ చదివారు. తర్వాతి శనివారం నన్ను పిలిచి, రవి నాలుగు బై ఆరు అని చెప్పినప్పుడు అతని మొహం ఎలా ఉందని అడిగారు. ధీమాగా చెప్పాడా, భయపడుతూ చెప్పాడా అని. నేను రికార్డులో ఆ పేజీ వెతుకుతున్నట్టు నటించాను. ఆ పిల్లాణ్ణి ఒకసారి తీసుకురమ్మన్నారు. వాళ్లు ఊరికి వెళ్లిపోయారు మేడం, అన్నాను. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే, రవి వాళ్ల ఇంటికి తాళం వేసి ఉండడం కూడా నాకు కనిపించింది.

"అయ్యో, వెళ్లిపోయాడా? సరేనమ్మా, ఆ లెక్క అలాగే చేసే ఇంకో పిల్లని తీసుకురా," అన్నారు మేడం. "ఒక క్లాసులో అలా చేసేవాడు ఒక్కడే ఉండడు కదా."

ఆమెకు అప్పటికే అనుమానం ఉందో లేదో నాకు ఈ రోజుకూ తెలియదు. అనుమానంతో అడిగారంటే ఒక రకం కోపం, నమ్మి అడిగారంటే అంతకన్నా ఎక్కువ కోపం వస్తుంది నాకు. ఏదైనా సరే, సోమవారం నుంచి నేను నా క్లాసులో తప్పు కోసం వెతకడం మొదలుపెట్టాను. వరసగా అందరికీ ఆ లెక్క ఇచ్చాను. ఒక్కరూ నాలుగు బై ఆరు అనలేదు. మా స్కూలు పిల్లలతో ఎల్‌సీఎం అంతగా రుద్దించింది. ఎందుకు చేస్తున్నారో తెలియకుండానే ఎల్‌సీఎం తీసి, సరైన జవాబు రాసి, బోర్డు వంక చూస్తూ కూర్చున్నారు. మామూలు రోజుల్లో అయితే నా బోధన చూసి నేనే మురిసిపోయేదాన్ని. ఆ వారం మాత్రం, ఒక్కరైనా తప్పు చెయ్యరేమని పిల్లల మీద చిరాకు పడ్డాను. చివరికి మౌనికను పిలిచాను.

మౌనిక నా క్లాసులో అందరికన్నా చురుకైన పిల్ల. వాళ్ల నాన్న కొత్తపేట పండ్ల మార్కెట్‌లో హమాలీ. మార్కెట్ అప్పుడు ఇంకా కొత్తపేటలోనే ఉంది. మా నాయిన కూడా నల్లగొండ పల్లె నుంచి వచ్చి అక్కడే బత్తాయిల బుట్టలు దించి నన్ను చదివించాడు, అందుకని ఆ పిల్ల మీద నాకు కొంచెం ప్రేమ ఎక్కువ. ఆ ప్రేమతోనే ఆమెను ఎంచుకున్నాను. ఇంటర్వెల్‌లో పక్కన కూర్చోబెట్టుకుని, మూడూ ఒకటీ నాలుగు, నాలుగూ రెండూ ఆరు, నాలుగు బై ఆరు అని చెప్పాలని నేర్పాను. అది తప్పు కదా టీచర్, ఎల్‌సీఎం చేయాలె గదా అంది ఆ పిల్ల. తెలుసు, ఆ మేడం ముందు మాత్రం అట్లనే చెప్పాలన్నాను. నాలుగు రోజులు వరసగా అప్పజెప్పించుకున్నాను. ఒక పిల్లకు నేను మనసు పెట్టి, విసుక్కోకుండా, ఓపికగా నేర్పిన మొదటి పాఠం అది. తప్పు పాఠం.

వాళ్ల అమ్మను అడిగి శనివారం మౌనికను తీసుకుని మెట్రో ఎక్కాను. ఒక్క స్టేషను దూరమే, కానీ ఆ పిల్లకు అదే మొదటిసారి. ఎల్బీనగర్‌లో దిగేదాకా కిటికీ వదల్లేదు. కాలేజీ కింది అంతస్తులో ఒక ప్లేస్కూలు ఉండేది. మేడం అక్కడి నుంచి చిన్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి అడిగి తెప్పించి, బల్లకు అవతల కాకుండా తన కుర్చీ పక్కనే వేయించారు. మౌనిక కూర్చుంది. మేడం లెక్క రాసిచ్చారు. మౌనిక నేను నేర్పింది నేర్పినట్టు, వేలు పెట్టి చూపిస్తూ చెప్పింది. మేడం తల ఊపుతూ రాసుకున్నారు. నాకు ఊపిరి ఆడింది. అక్కడితో వదిలేసి ఉంటే నేనీ రోజు ఇది రాస్తూ ఉండేదాన్ని కాదు. మేడం మాత్రం పెన్సిలు పక్కన పెట్టి, నాన్న ఏం చేస్తారని, మార్కెట్‌కు నువ్వూ వెళ్తుంటావా అని కబుర్లలో పడ్డారు. ఆ మాటల్లోనే, ఐదు వందల బత్తాయిలు కొని ఇంటికి తెచ్చుకుంటే సంచిలో ఎన్ని కాయలుంటాయి అని అడిగారు.

మౌనిక జవాబు చెప్పబోయి ఆగింది. మేడం వైపు కాదు, నా వైపు తిరిగింది.

"టీచర్, గిది కరెక్ట్ చెప్పాల్నా, తప్పు చెప్పాల్నా?"

తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల గొంతులో ఏ కల్మషమూ లేదు. తను చెయ్యాల్సిన పని ఏదో సరిగ్గా చెయ్యాలని అడిగింది, అంతే. మేడం నా మొహం కూడా చూడలేదు. పిల్ల భుజం మీద చెయ్యి వేసి, నువ్వేమనుకుంటున్నావో అదే చెప్పు తల్లీ అన్నారు. మౌనిక ఐదు వందల ఐదు అంది. ఎలా అంటే చెప్పింది. వాళ్ల నాన్న రెండు చేతులూ కలిపి ఐదేసి కాయలు ఎత్తి పక్కకు వేస్తాడు. అలా ఇరవై సార్లు వేస్తే నూరు. నూరు కాగానే, ఎన్ని నూర్లయ్యాయో మరిచిపోకుండా గుర్తుకు ఒక కాయ విడిగా పెడతాడు. అమ్మకం అయ్యాక ఆ గుర్తు కాయలు కూడా కొన్నవాళ్ల సంచిలోకే పోతాయి. అందుకని నూటికి నూటొకటి. మరి పరీక్షలో ఏం రాస్తావని మేడం అడిగారు.

"పరీక్షల ఐదు వందలే రాస్త మేడం. పోయినసారి ఐదు వందల ఐదు రాస్తే టీచర్ తప్పు కొట్టింది."

ఆ టీచర్ నేనే. ఆ ఎర్ర గీత నాకు గుర్తు కూడా లేదు. ఆ లెక్క నాకు తెలియనిదా అంటే, నేను పుట్టి పెరిగింది ఆ లెక్క మీదే. మా నాయిన చేతులు ఐదైదు కాయలు ఎత్తడం చూస్తూ నేను అంకెలు నేర్చుకున్నాను. విడిగా పెట్టిన కాయల వరస పక్కన కూర్చుని, ఎన్ని నూర్లయ్యాయో గట్టిగా చెప్పడం చిన్నప్పుడు నా పని. అన్నీ తెలిసి, ఒక్క క్షణం ఆగి 'ఎట్లొచ్చింది బిడ్డా' అని అడగకుండా, ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్క పేపరు తీసుకున్నాను. ఏ తప్పు కోసమైతే షాపుకు వెళ్లి కొనుక్కొచ్చానో, అంతకన్నా విలువైనది నా చేతిలోకే వచ్చింది, నేను చూడలేదు.

మేడం మౌనికను వరండాలోకి పంపి, మెట్రో రైళ్లు ఎన్ని పోతాయో లెక్కపెట్టమన్నారు. తర్వాత నా నీలం అట్ట రికార్డు నా వైపు జరిపారు. గొంతు పెంచలేదు, కానీ కోపం దాచుకోనూ లేదు.

"పిల్లలకి తప్పులు చెయ్యడం వచ్చమ్మా రజితా. నువ్వు నేర్పక్కర్లేదు," అన్నారు. "దీని మీద నేను సంతకం పెట్టను."

నా ఒక్కదానితో ఆగితే గొడవ ఉండేది కాదు. మిగతా రికార్డులన్నీ ఆ వారమే మళ్లీ చదివి, వాటిలోనూ రవిని, రవి అన్నదమ్ములను పట్టుకున్నారు. పదిహేను రోజులు ఇస్తానని, నిజంగా ఒక పిల్లతో కూర్చుని నాలుగు పేజీలు రాసుకొచ్చినా చాలని, అప్పటిదాకా ఒక్కరికీ సంతకం పెట్టనని క్లాసులో చెప్పారు. క్లాసు భగ్గుమంది. ఉద్యోగాలు చేసుకుంటూ చదివేవాళ్లను పరేషాన్ చేస్తోందని, రిటైరయ్యాక ఇంట్లో తోచక మా మీద పడిందని నోటికొచ్చినట్టు అన్నారు. అప్పటి మా కాలేజీ కరస్పాండెంట్ సారు మహా మర్యాదస్తుడు. మేడంను ఒక్క మాట అనలేదు. మమ్మల్ని పిలిచి, మీ ఇబ్బంది ఏదో కాగితం మీద పెట్టండి, నేను చూసుకుంటా అన్నాడు. తన చేతికి మట్టి అంటకుండా పని జరిపించుకునే మనిషి. కాగితం ఎవరు రాయాలన్న ప్రశ్న వచ్చింది. అందరూ నా వైపు చూశారు, క్లాసులో నా తెలుగు బాగుంటుందని పేరు.

నేను రాశాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. హైస్కూలు సెక్షన్ పోతుందన్న భయం సగం, ఒక పసిపిల్ల ముందు నా పరువు తీసిందన్న కసి సగం. పరువు తీసుకున్నది నేనే అయినా, కసి ఆమె మీదికే పోయింది. 'బోధన అర్థం కావడం లేదు, సిలబస్‌కు సంబంధం లేని విషయాలు చెబుతూ సమయం వృథా చేస్తున్నారు' అని రాశాను. సిలబస్ ఎలా పుట్టిందో చెప్పే పేపరులో సిలబస్ దాటి చెబుతోందని ఫిర్యాదు. ఆ వాక్యం రాస్తున్నప్పుడు నాకు నవ్వు కూడా రాలేదు. అందరూ సంతకాలు పెట్టారు. తర్వాతి శనివారం ఆమె కుర్చీలో వేరే ఒకాయన కూర్చుని, టీ చల్లారేలోగా మా రికార్డులన్నిటి మీదా సంతకాలు చేసి చేతులు దులుపుకున్నాడు. నా రవి పాసయ్యాడు, నేనూ పాసయ్యాను, జూన్‌లో హైస్కూలు సెక్షన్ వచ్చింది.

మౌనిక మాత్రం నన్ను వదల్లేదు. ఆ మేడం నన్ను మళ్లీ రమ్మందా టీచర్ అని రోజూ అడిగేది. మెట్రో రైళ్లు పదకొండు లెక్కపెట్టిందట, ఆ సంగతి ఎవరికీ చెప్పలేకపోయిందట. ఆ ప్రశ్న తట్టుకోలేక, ఇక అవసరం లేని పనిని అప్పుడు మొదలుపెట్టాను. వేసవి సెలవుల్లో పొద్దున్నే మౌనికను వెంటబెట్టుకుని మార్కెట్‌కు వెళ్లాను. వాళ్ల నాన్న దగ్గర, మా నాయిన దగ్గర కూర్చున్నాం. పక్క వరసలో మామిడికాయలకు వేరే నూరు ఉందని, అక్కడ గుర్తు కాయ వెనక్కి కుప్పలోకే పోతుందని మౌనికే కనిపెట్టింది. ఇరవై రెండు పేజీలు రాశాను, నా చేత్తో. అది పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో వసుంధర మేడం ఫ్లాట్‌కు వెళ్లాను. క్షమాపణ అడగాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. తలుపు తీయగానే ఆమె నా మొహం కాదు, నా చేతిలోని కాగితాలు చూశారు. లోపలికి రమ్మని, పెన్సిలు తీసుకుని చదవడం మొదలుపెట్టారు. నేను కూర్చున్నానా నిలబడ్డానా కూడా చూడలేదు.

మూడో పేజీలో పెన్సిలు ఆగింది. అక్కడ మౌనిక చెప్పింది ఉంది. 'ప్రతి వంద కాయలకు గుర్తుగా ఒక కాయను ప్రత్యేకంగా ఉంచెదరు' అని రాశాను. ఆ పిల్ల అలాగే అందా అని అడిగారు. కాదు మేడం, 'నూటికొక కాయ తీసి పక్కకు పెడ్తరు' అన్నది అని చెప్పాను. అప్పుడు చూశాను ఆమె కోపం. కాలేజీలో చూసింది అందులో పావు వంతు కూడా కాదు. పిల్ల లెక్కను మొదట ఎర్ర పెన్నుతో కొట్టేశావు, ఇప్పుడు పిల్ల మాటను నీలం పెన్నుతో కొట్టేస్తున్నావు అన్నారు. పుస్తకాలు రాసిన పెద్దలు గదుల్లో కూర్చుని చేసిందీ ఇదేనని, వాళ్లను తిట్టుకోవడానికి నాకు ఏ హక్కూ లేదని అన్నారు. ఫిర్యాదు గురించి కనీసం ఒక్క మాటైనా అంటారని ఎదురుచూస్తున్న నాకు, ఒక వాక్యం కోసం ఇన్ని చీవాట్లు పడ్డాయి. ఆ పేజీ అక్కడే కూర్చోబెట్టి మళ్లీ రాయించారు.

వెళ్లొస్తానని లేచినప్పుడు ధైర్యం చేసి, సంతకం పెడతారా మేడం అని అడిగాను. నా సంతకానికి ఇప్పుడు పనేముందమ్మా అన్నారు. తర్వాత తలుపు దాకా వచ్చి, మామూలు గొంతుతోనే అన్నారు.

"నువ్వు సొంతంగా రాసినవి ఇప్పటికి రెండు చదివాను. ఇది రెండోది. మొదటిది ఆ ఫిర్యాదు కాగితం."

కూర్చుకున్న క్షమాపణ మాటలు చెప్పకుండానే మెట్లు దిగాను. ఇంటికి వచ్చాక చూస్తే చివరి పేజీ అడుగున పెన్సిలుతో ఒక ప్రశ్న రాసి ఉంది, 'మౌనిక ఇప్పుడు పరీక్షలో ఎంత రాస్తుంది?' అని. దానికి జవాబు తర్వాతి ఏడాదే వచ్చింది. మౌనిక అలాంటి లెక్కకే 'బడిలో 500, మార్కెట్ల 505' అని రాసింది. వాళ్ల క్లాసు టీచర్ తప్పు కొట్టింది. ఆ పేపరు పట్టుకుని మౌనిక నా దగ్గరికే వచ్చింది. నేను వెళ్లి మాట్లాడతానని చెప్పాను. వెళ్లలేదు. అది నా క్లాసు కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ సంగతి చెప్పే మొహం లేక మేడం ఇంటికి మళ్లీ పోలేదు.

తర్వాత పండ్ల మార్కెట్ బాటసింగారం పోయింది. మౌనిక వాళ్లూ ఆ వైపే ఇల్లు కిరాయికి తీసుకుని పోయారు. మా నాయిన పని మానేశాడు. నేను పి.హెచ్‌డి. చేసి ఈ కాలేజీలో చేరాను, ఎవరూ తీసుకోని ఆ శనివారం పేపరు నాకే వచ్చింది. రెండేళ్ల కిందట మూసారాంబాగ్ స్టేషన్‌లో పాత క్లాస్‌మేట్ ఒకామె కలిసి, రైలు వచ్చేలోగా వసుంధర మేడం పోయారన్న కబురు చెప్పింది. మంచి మేడమే, జర కోపం ఎక్కువ గానీ అని కూడా అంది. నాకు అక్కడే అరవాలనిపించింది. ఆమెకు కోపం ఎక్కువ కాదు. రావాల్సినంత కోపం మాకు రాలేదు. మా అందరి వంతూ ఆమె ఒక్కతే పడింది. ఇంత అనుకున్నాను గానీ, ఆ ప్లాట్‌ఫాం మీద నేను చేసింది తల ఊపి రైలెక్కడమే. పోయినేడు ఇదే రికార్డుల కట్ట ఇదే బల్ల మీదికి వచ్చినప్పుడు, ఆరోగ్యం బాగాలేదని సెలవు పెట్టి సంతకాల పని వేరేవాళ్ల మీదికి తోసేశాను. ఇది కూడా రాసి పెట్టాలి, లేకపోతే నా కోపమంతా షాపుల మీద, సార్ల మీద అనుకుంటారు మీరు.

ఈసారి సెలవు పెట్టలేదు. మధ్యాహ్నం భోజనం మానేసి ముప్పై ఆరు రికార్డులూ చదివాను. నాలుగు నిజమైనవి ఉన్నాయి, తడబడుతూ, కొట్టివేతలతో, పిల్లల మాటలతో. వాటి మీద సంతకం పెట్టాను. మిగతా ముప్పై రెండింటి చివరి పేజీలో సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో 'ఈ పిల్లవాణ్ణి తీసుకురండి' అని రాశాను. సాయంత్రం నాలుగింటికి కరస్పాండెంట్ సారు ఫోన్ చేశారు. పెట్టనని చెప్పాను. మేడం, కూల్‌గా ఆలోచించండి అన్నారు. ఆలోచించే చెబుతున్నానన్నాను. రేపో ఎల్లుండో నా మీద కూడా ఒక కాగితం తయారవుతుంది. ఈ బ్యాచ్‌లో తెలుగు ఎవరికి బాగా వచ్చో నాకు తెలుసు.

ఆ అమ్మాయే అందరికన్నా ముందు వచ్చింది. వనస్థలిపురంలో ఒక స్కూల్లో టీచరు, చురుకైన పిల్ల. చేతిలో ఆకుపచ్చ అట్ట రికార్డు. నేను అడగకముందే, తడుముకోకుండా చెప్పింది.

"రవి వాళ్లు ఊరికి ఎల్లిపోయిన్రు మేడం."

నేను తిట్టలేదు.

"అయితే ఇంకో పిల్లను తీసుకురా అమ్మా. తెచ్చే ముందు ఏమీ నేర్పకు."

ఆ అమ్మాయి మొహంలో రంగు మారింది. రికార్డు గుండెకు ఆనించుకుని వెళ్లిపోయింది. నేను కిందికి దిగి, పక్క సందులోని ప్లేస్కూల్లో ఒక చిన్న ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెచ్చుకున్నాను. బల్లకు ఇవతల, నా కుర్చీ పక్కన వేసి పెట్టాను.